అర్రే పేరు పాయింటర్ కాదు: జవాబును సవరించండి

సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక విద్యా పుటలో సి ప్రోగ్రామింగ్‌పై ఇచ్చిన నమూనా ప్రశ్నల్లో ఒకదానికి "అర్రే పేరు ఒక స్థిర పాయింటర్" అన్న వాక్యాన్ని సరైన జవాబుగా చూపారు. (అర్రే అంటే ఒకే టైపు విలువల వరుస; పాయింటర్ అంటే మెమరీలోని ఒక చిరునామాను పట్టి ఉంచే వేరియబుల్.) ఇది ఆ పుట తయారుచేసినవారు కొత్తగా కల్పించిన మాటేమీ కాదు. తరగతి నోట్సుల్లోనూ, ప్రశ్నల సంకలనాల్లోనూ, ఉద్యోగ ఇంటర్వ్యూలకు సిద్ధం చేసే పుస్తకాల్లోనూ ఏళ్ల తరబడి ఒకరి నుంచి ఒకరికి చేరుతూ వచ్చిన వాక్యమే. అయినా, పత్రికలో అచ్చయిన జవాబును విద్యార్థులు ప్రమాణంగా తీసుకుంటారు గనుక, అది ఎందుకు తప్పో, దాన్ని నమ్మి రాసిన ప్రోగ్రాముల్లో ఏం జరుగుతుందో కొంత వివరంగా రాస్తున్నాను. స్థలం చాలక కుదించవలసి వస్తే కుదించండి; ఏదైనా మెమరీలో ఎన్ని బైట్లు తీసుకుంటుందో చెప్పే సైజాఫ్ గురించిన భాగాన్ని మాత్రం తీసేయవద్దని మనవి.

ఇంట్ ఎ[10] అని ప్రకటించినప్పుడు పది పూర్ణాంకాలకు సరిపడే చోటు మెమరీలో ఒకే వరుసలో ఏర్పడుతుంది. ఒక్కో ఇంట్ 4 బైట్లు తీసుకునే యంత్రంలో అది 40 బైట్లు. ఆ 40 బైట్లకు అదనంగా, వాటి చిరునామాను దాచిపెట్టుకున్న గడి మరెక్కడా ఉండదు. ఇంట్ *పి అని ప్రకటించినప్పుడు ఏర్పడేది ఒక చిరునామా పట్టే గడి ఒక్కటే. నేటి 64 బిట్ల యంత్రాల్లో దాని పరిమాణం సాధారణంగా 8 బైట్లు. ఆ గడిలో ఏ చిరునామా పెట్టాలో, ఆ చిరునామా దగ్గర మనం వాడుకోదగిన చోటు నిజంగా ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత ప్రోగ్రాం రాసేవారిది. మొదటి ప్రకటన పది విలువలకు చోటిచ్చింది. రెండోది ఒక్క విలువకైనా చోటివ్వలేదు.

ఇంత తేడా ఉన్నప్పుడు అయోమయం ఎలా పుట్టిందంటే, సి భాషలో ఉన్న ఒక నియమం వల్ల పుట్టింది. అర్రే పేరును ఏదైనా ఎక్స్‌ప్రెషన్‌లో వాడితే, కంపైలర్ (ప్రోగ్రాంను యంత్ర భాషలోకి మార్చే సాధనం) ఆ పేరు స్థానంలో అర్రే మొదటి మూలకం చిరునామాను తీసుకుంటుంది. పి = ఎ అని రాయగలగడం, ఎ + 1 అంటే రెండో మూలకం చిరునామా కావడం, ఫంక్షన్‌కు ఎ అని పంపితే అక్కడికి చిరునామా మాత్రమే చేరడం, అన్నీ ఈ నియమం ఫలితాలే. దీనికి ముఖ్యంగా మూడు మినహాయింపులున్నాయి: సైజాఫ్‌కు అర్రేను ఇచ్చినప్పుడు, దాని ముందు చిరునామా అడిగే & గుర్తు పెట్టినప్పుడు, కొటేషన్లలోని అక్షరమాలతో (అంటే స్ట్రింగ్‌తో) ఒక చార్ (అక్షరాల) అర్రేను నింపుతూ ప్రకటించినప్పుడు ఈ మార్పు జరగదు, అర్రే అర్రేగానే ఉంటుంది. కాబట్టి "అర్రే పేరు చాలా సందర్భాల్లో పాయింటర్ విలువగా మారుతుంది" అంటే నిజం. "అర్రే పేరు పాయింటర్" అంటే అబద్ధం. మారడానికీ అయి ఉండడానికీ మధ్య తేడాను మింగేయడమే ఈ జవాబు చేసిన తప్పు.

ఇక "స్థిర" అన్న విశేషణం. ఎ++ అని రాస్తే కంపైలర్ ఒప్పుకోదు; ఎ = బి అని రెండు అర్రేల మధ్య రాసినా ఒప్పుకోదు; అందుచేత ఎ అనేది మార్చడానికి వీల్లేని పాయింటర్ అయి ఉండాలని ఊహించారు. ఊహ తెలివైనదే కానీ పరీక్షకు నిలవదు. నిజంగా స్థిరమైన పాయింటర్‌ను ప్రకటించే పద్ధతి సి భాషలో వేరే ఉంది. ఇంట్ *కాన్‌స్ట్ పి అని రాసి దాని సైజాఫ్ అడిగితే 8 వస్తుంది, ఎ సైజాఫ్ అడిగితే 40 వస్తుంది. ఆ స్థిర పాయింటర్‌కు ముందు & పెడితే, ఆ పాయింటర్ నివసించే గడి చిరునామా వస్తుంది; &ఎ అంటే మొత్తం అర్రే చిరునామా వస్తుంది. ఎ++ కుదరకపోవడానికి కారణం పాయింటర్ స్థిరంగా ఉండడం కాదు, పెంచడానికి అక్కడ పాయింటర్ వేరియబులే లేకపోవడం. 5++ అని రాసినా కంపైలర్ ఒప్పుకోదు; అంతమాత్రాన 5ను స్థిర వేరియబుల్ అని ఎవరూ అనరు కదా.

ఎ, &ఎ రెండూ అచ్చు వేయించి చూస్తే ఒకే సంఖ్య కనబడుతుందని కొందరు వాదిస్తారు. కనబడుతుంది, ఎందుకంటే అర్రే మొదలయ్యే చోటూ దాని మొదటి మూలకం మొదలయ్యే చోటూ ఒకటే. కానీ రెండింటికీ ఒకటి కలిపి చూడండి. ఎ + 1 అన్నప్పుడు చిరునామా 4 బైట్లు ముందుకు జరుగుతుంది; &ఎ + 1 అన్నప్పుడు 40 బైట్లు దూకుతుంది. సంఖ్య ఒకటే అయినా టైపు వేరు, సి భాషలో చిరునామాలతో చేసే లెక్కంతా టైపు మీదే ఆధారపడుతుంది.

అర్రేకూ పాయింటర్‌కూ నిజమైన చుట్టరికం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఎ[3] అని రాసినదాన్ని భాష *(ఎ + 3) గానే నిర్వచించింది. అంటే చదరపు బ్రాకెట్లు ఎప్పుడూ పాయింటర్ మీదే పనిచేస్తాయి. అర్రే పేరు ముందు చిరునామాగా మారుతుంది, తర్వాత కూడిక జరుగుతుంది, ఆపై ఆ చిరునామా దగ్గరున్న విలువ వస్తుంది. కూడికలో ఎటునుంచి కలిపినా ఒకటే కాబట్టి 3[ఎ] అని తలకిందులుగా రాసినా ప్రోగ్రాం నడుస్తుంది. పరీక్షలు తయారుచేసేవారికి ఈ 3[ఎ] అంటే విపరీతమైన మోజు. పిల్లలను తికమకపెట్టడానికి తప్ప పరీక్షలో దానివల్ల ప్రయోజనం నాకు కనబడదు. తరగతిలో మాత్రం, బ్రాకెట్ల వెనక ఉన్నది కూడికేనని చూపడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు. అయితే పి[3], ఎ[3] రాతలో ఒకలాగే ఉన్నా యంత్రం చేసే పని ఒకటి కాదు. ఫంక్షన్ల బయట ప్రకటించిన ఎ విషయంలో అర్రే ఎక్కడుందో ప్రోగ్రాం సిద్ధమయ్యేసరికే తెలుసు, దానికి 12 బైట్లు (మూడు ఇంట్‌ల దూరం) కలిపితే చాలు. పి విషయంలో ముందు పి అనే గడిలోకి వెళ్లి అందులో ఏ చిరునామా ఉందో చదవాలి, ఆ తర్వాతే 12 కలపాలి. ఈ అదనపు అడుగును మరచిపోతే ఏమవుతుందో కింద చెబుతాను.

ఇంత వింత నియమం భాషలోకి ఎందుకు వచ్చిందన్నది తెలిస్తే విషయం మరింత తేటపడుతుంది. మన పాఠాల్లో ఈ చరిత్ర దాదాపు కనబడదు గనుక ఇక్కడ కాసేపు ఆగుతాను. సి కి ముందు బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ బి అనే భాషను తయారుచేశారు. దానికి మూలం 1960లలో మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బిసిపిఎల్. బి భాషలో పది గడుల వరుసను ప్రకటిస్తే, ఆ పది గడులతోపాటు ఇంకొక గడి కూడా ఏర్పడేది. వరుస మొదలయ్యే చిరునామా అందులో ఉండేది, వరుస పేరు ఆ గడికే చెందేది. అంటే "అర్రే పేరు పాయింటర్" అన్న వాక్యం బి భాషకు అక్షరాలా వర్తిస్తుంది. పైగా అక్కడ అది స్థిరం కూడా కాదు, ఆ గడిలో వేరే చిరునామా పెట్టే వీలుండేది.

1970ల తొలినాళ్లలో డెనిస్ రిచీ ఆ భాషను సి గా మలుస్తూ స్ట్రక్చర్లను (వేర్వేరు టైపుల విలువలను ఒకే మూటగా కట్టే అమరికలను) చేర్చబోయినప్పుడు ఈ అమరిక అడ్డొచ్చింది. ఆనాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఒక డైరెక్టరీ నమోదు అంటే 2 బైట్ల ఐనోడ్ సంఖ్య (ఫైలును గుర్తించే సంఖ్య), దాని వెంట 14 అక్షరాల ఫైలు పేరు. మొత్తం 16 బైట్లు, డిస్కు మీద ఉన్న క్రమంలోనే. దీన్ని ఒక పూర్ణాంకం, ఒక 14 అక్షరాల అర్రే గల స్ట్రక్చర్‌గా వర్ణించాలని రిచీ కోరుకున్నారు. బి పద్ధతిలో అయితే ఆ అర్రేకు ఒక పాయింటర్ గడి కావాలి. దాన్ని 16 బైట్లలో ఎక్కడ ఇరికించాలి? ఇరికించినా, డిస్కు నుంచి నమోదును చదివిన ప్రతిసారీ ఆ గడిలో సరైన చిరునామా ఎవరు నింపాలి? ఆయన కనుగొన్న పరిష్కారం ఏమిటంటే, ఆ గడినే తొలగించడం. చిరునామాను ఎక్కడా నిల్వ ఉంచకుండా, ఎక్స్‌ప్రెషన్‌లో అర్రే పేరు వచ్చినప్పుడు అప్పటికప్పుడు పుట్టించడం. దీనివల్ల అప్పటికే బి లో రాసివున్న ప్రోగ్రాములను పెద్దగా మార్చకుండానే సి లోకి తెచ్చుకోగలిగారు, అర్రేలు మాత్రం అసలైన అర్రేలయ్యాయి. మీ పుటలోని జవాబు, రిచీ అర్ధశతాబ్దం కిందటే తీసేసిన గడిని తిరిగి తెచ్చి పెడుతోంది.

అయితే ఆ పాత రోజుల అవశేషం ఒకటి భాషలో మిగిలిపోయింది, ఇబ్బందుల్లో సగం అక్కడి నుంచే వస్తాయి. ఫంక్షన్ పారామీటర్‌గా (అంటే ఫంక్షన్ బయటి నుంచి తీసుకునే విలువగా) ఇంట్ ఎ[10] అని రాస్తే, అది చూడడానికి అర్రే ప్రకటనలాగే ఉంటుంది కానీ కంపైలర్ దాన్ని ఇంట్ *ఎ గా మార్చి చదువుకుంటుంది. అక్కడ 10 అన్న సంఖ్యకు విలువే లేదు. 100 అని రాసినా, ఏమీ రాయకపోయినా ఒకటే. ఇప్పుడు విద్యార్థి చేసే పని చూడండి. అర్రేలో ఎన్ని మూలకాలున్నాయో తెలుసుకోవడానికి మొత్తం సైజాఫ్‌ను ఒక మూలకం సైజాఫ్‌తో భాగించాలని నేర్చుకున్నాడు. ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్‌లో అది 40ని 4తో భాగించి సరిగ్గా 10 ఇచ్చింది. అదే వాక్యాన్ని మొత్తం కూడే ఫంక్షన్ లోపలికి మార్చాడు. అక్కడ ఎ పాయింటర్ కాబట్టి 8ని 4తో భాగిస్తే 2 వస్తుంది. ప్రోగ్రాం ఆగదు, తప్పు సందేశం ఇవ్వదు, పది సంఖ్యల్లో మొదటి రెండింటినే కూడి నింపాదిగా జవాబు చూపుతుంది. "అర్రే, పాయింటర్ ఒకటే" అని నమ్మిన విద్యార్థికి ఈ 2 ఎక్కడి నుంచి వచ్చిందో అంతుచిక్కదు, ఎందుకంటే అతనికి తెలిసిన సిద్ధాంతం ప్రకారం రెండు చోట్లా ఒకే జవాబు రావాలి.

ఇది కొత్తవారికే పరిమితమైన తప్పని అనుకోవద్దు. 2015లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టం కేంద్రభాగమైన కెర్నెల్‌లో, వైర్‌లెస్ విభాగంలో, అర్రే రూపంలో రాసిన పారామీటర్ మీద సైజాఫ్ వాడిన ప్యాచ్ (కోడ్ సవరణ) ఒకటి చేరింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాని మీద బహిరంగంగానే మండిపడ్డారు. పారామీటర్లను అసలు అర్రేల రూపంలో రాయనే కూడదని ఆయన వాదన. నేటి జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు ఇలాంటి చోట హెచ్చరిక ఇస్తాయి. కెర్నెల్‌లో మూలకాల సంఖ్య లెక్కించే మాక్రోను (కంపైల్‌కు ముందే విస్తరించే చిన్న కోడ్ రాతను), దానికి పొరపాటున పాయింటర్ ఇస్తే కంపైల్ కాకుండా ఆపే విధంగా రాశారు. రెండూ ఒకటే అయితే ఈ కాపలా అవసరమే ఉండేది కాదు.

చిరునామా మాత్రమే వెళ్లి పరిమాణం వెనకే ఉండిపోవడం ఎంత దూరం వెళ్లగలదో 1988 నవంబరులో ప్రపంచం చూసింది. మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం యూనిక్స్ యంత్రాల్లోకి చొరబడడానికి వాడుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ సేవ (యంత్రాన్ని వాడేవారి వివరాలు చెప్పేది). ఆ సేవ 512 బైట్ల అర్రేను గెట్స్ అనే లైబ్రరీ ఫంక్షన్‌కు ఇచ్చి, నెట్‌వర్క్ నుంచి వచ్చే వరుసను అందులోకి చదివించేది. గెట్స్‌కు అందేది చార్ పాయింటర్ ఒక్కటే. దాని వెనక 512 బైట్లున్నాయో 5 బైట్లున్నాయో తెలుసుకునే మార్గం ఆ ఫంక్షన్‌కు లేదు. వర్మ్ 536 బైట్లు పంపింది. మిగిలినవి అర్రే హద్దు దాటి పక్కనున్న స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక సమాచారం ఉండే మెమరీ) మీదకు పొంగి, ఫంక్షన్ తిరిగి వెళ్లవలసిన చిరునామాను మార్చేశాయి. సి ప్రమాణం నుంచి గెట్స్‌ను పూర్తిగా తొలగించింది 2011లో. దాని స్థానంలో వాడమని చెప్పే ఎఫ్‌గెట్స్ పరిమాణాన్ని విడిగా అడుగుతుంది. ఆ రెండో ఆర్గుమెంట్ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పకుండా "ఇలాగే రాయాలి" అని బట్టీ పట్టించడం కన్నా, అర్రే ఫంక్షన్‌లోకి వెళ్లదు, దాని చిరునామాయే వెళుతుంది అని ఒక్కసారి చెబితే సరిపోతుంది. డి భాష రూపకర్త వాల్టర్ బ్రైట్, అర్రేను ఫంక్షన్‌కు పంపినప్పుడు దాని పరిమాణం పోవడమే సి భాష చేసిన అతిపెద్ద తప్పని 2009లో రాశారు. భాషదే తప్పనుకున్నా, ఆ తప్పు ఎక్కడుందో విద్యార్థికి చూపడం మన పనే.

అక్షరమాలల విషయంలో ఈ అయోమయం మరో రూపంలో వస్తుంది. చార్ ఎస్[] = "తెలుగు" అని రాస్తే, యూటీఎఫ్-8 సంకేతంలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు, ఒక్కోటి 3 బైట్లు, చివర ముగింపు సున్నా, వెరసి 19 బైట్ల అర్రే ఏర్పడి అందులోకి ఆ మాట నకలుగా వస్తుంది. అది మన సొంతం, ఏ బైటునైనా మార్చుకోవచ్చు. చార్ *క్యూ = "తెలుగు" అని రాస్తే 8 బైట్ల పాయింటర్ ఏర్పడి, ప్రోగ్రాం వేరేచోట ఉంచిన అక్షరమాలను చూపుతుంది; ఆ అక్షరమాలను మార్చబోతే ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు, చాలా యంత్రాల్లో ప్రోగ్రాం అక్కడికక్కడే కూలిపోతుంది. ఒక్క నక్షత్రం గుర్తుకూ ఒక జత బ్రాకెట్లకూ మధ్య ఇంత ఉందని, రెండూ ఒకటేనని చదువుకున్నవారికి ఎలా తోస్తుంది?

పైన వాయిదా వేసిన అదనపు అడుగు సంగతికి వస్తాను. ఒక ఫైలులో చార్ పేరు[20] అని అర్రేను నిర్వచించి, మరో ఫైలులో దాన్నే ఎక్స్‌టర్న్ చార్ *పేరు అని (ఎక్స్‌టర్న్ అంటే వేరే ఫైలులో ఉందని చెప్పడం) ప్రకటించారనుకోండి. కంపైలర్ ఒక్కో ఫైలును విడివిడిగా చూస్తుంది కాబట్టి రెండింటిలోనూ దానికి తప్పు కనబడదు. విడివిడి ఫైళ్లను ఒకే ప్రోగ్రాంగా జోడించే లింకర్ సాధారణంగా పేర్లను కలుపుతుందే తప్ప టైపులను పోల్చదు. ప్రోగ్రాం నడిచేటప్పుడు రెండో ఫైలు, పేరులోని మొదటి 8 బైట్ల అక్షరాలను చిరునామాగా చదువుకుని, ఆ లేని చోటుకు వెళ్లబోతుంది. ప్రకటనను హెడర్ ఫైలులో ఉంచి రెండు ఫైళ్లలోనూ దాన్నే చేర్చుకుంటే కంపైలరే పట్టుకుంటుంది. కానీ రెండూ ఒకటేనని నమ్మినవారికి అక్కడ పట్టుకోవలసింది ఏదో ఉందన్న అనుమానమే రాదు.

రెండు కొలతల అర్రేల దగ్గర ఆ నమ్మకం పూర్తిగా చతికిలబడుతుంది. అర్రే అంటే పాయింటర్ అయితే, అర్రేల అర్రే పాయింటర్‌కు పాయింటర్ కావాలి. కాబట్టి ఇంట్ ఎం[3][4] ను ఇంట్ **పి అనే పారామీటర్‌కు పంపవచ్చని తర్కం చెబుతుంది. ఆ తర్కంలో లోపం లేదు, దాని పునాదిలో ఉంది. ఎం అంటే 12 పూర్ణాంకాలు వరుసగా ఉన్న 48 బైట్లు. అందులో పాయింటర్ ఒక్కటి కూడా లేదు. అది మారితే నాలుగు ఇంట్‌ల అర్రేకు పాయింటర్‌గా మారుతుంది, అంతటితో ఆగిపోతుంది. కంపైలర్ టైపులు కలవడం లేదని చెబుతూనే ఉంటుంది. ఆ మాటను ఒక కాస్ట్‌తో (టైపును బలవంతంగా మార్చే రాతతో) నోరు మూయించి, ఆపై ప్రోగ్రాం ఎందుకు కూలిందని వెతుక్కునే విద్యార్థులు ఏటా కనబడుతూనే ఉంటారు.

మొదట సులభంగా ఉండడానికి అలా చెబుతాం, లోతు తర్వాత వాళ్లే తెలుసుకుంటారు అని తోటి అధ్యాపకులు కొందరు అంటారు. సులభం చేయడానికి నేను వ్యతిరేకిని కాను. పూర్ణాంకాలు మాత్రమే చెప్పి దశాంశాలను తర్వాతకు వాయిదా వేయడం సరళీకరణే. తర్వాత నేర్చుకున్నది ముందు నేర్చుకున్నదానికి కలుస్తుంది. ఈ వాక్యం అలాంటిది కాదు. సైజాఫ్, స్ట్రక్చర్లు, రెండు కొలతల అర్రేలు, ఎక్స్‌టర్న్ ప్రకటనలు, ప్రతి అధ్యాయంలోనూ దాన్ని కొంత కొంత పీకి పారేయవలసి వస్తుంది, పీకేవారు లేకపోతే అది అలాగే ఉండిపోతుంది. పైగా సరైన వాక్యం దీనికన్నా కష్టమైనదేమీ కాదు. అర్రే పేరు చాలా సందర్భాల్లో మొదటి మూలకం చిరునామాగా మారుతుందని చెప్పి, మినహాయింపులు చూపి, సైజాఫ్‌తో రెండు చోట్లా అచ్చు వేయించి చూపిస్తే ఒక తరగతి గంటలో సగం కూడా పట్టదు.

కనుక రెండు విన్నపాలు. ఆ ప్రశ్నకు మీరిచ్చిన నాలుగు ఐచ్ఛికాల్లో ఏదీ సరైనది కాదు; "మొదటి మూలకం చిరునామాగా మారే పేరు, సైజాఫ్, & వంటి సందర్భాల్లో తప్ప" అన్న అర్థం వచ్చే ఐచ్ఛికం అందులో లేదు. కాబట్టి జవాబును మాత్రమే మార్చడం కుదరదు, ప్రశ్ననే వెనక్కి తీసుకుంటున్నట్టు వచ్చే వారం అదే పుటలో ప్రకటించండి. ఇకమీదట ఈ అంశంపై ప్రశ్న వేయదలిస్తే నిర్వచనం అడగకుండా, పది మూలకాల అర్రే సైజాఫ్‌ను మెయిన్‌లోనూ ఫంక్షన్‌లోనూ అచ్చువేసే చిన్న ప్రోగ్రాం ఇచ్చి, ఇంట్‌కు 4 బైట్లు, పాయింటర్‌కు 8 బైట్లు అని స్పష్టంగా పేర్కొని, ఏం వస్తుందో అడిగించండి. ఆ షరతు రాయడం మరవవద్దు. అది లేకపోతే జవాబు యంత్రాన్ని బట్టి మారుతుంది, మళ్లీ నేను ఇంకో ఉత్తరం రాయవలసి వస్తుంది.

భవదీయుడు,
సి ప్రోగ్రామింగ్ బోధించే ఒక అధ్యాపకుడు